నలభై అయిదు దగ్గర టిక్

సెప్టెంబర్ 13, శనివారం

రోల్ బార్ వచ్చింది. మనిషంత అట్టపెట్టె. డెలివరీ అతను గరాజ్ ముందు దింపి, నడుం పట్టుకుని, ఇందులో ఏముందని అడిగాడు. కార్ బోల్తా పడితే లోపలివాళ్ళ తల నేలకి కొట్టుకోకుండా సీట్ల వెనక బిగించే ఇనుప గొట్టం అని చెప్పాను. ఎవరికోసం అన్నాడు. మా అమ్మాయికి అన్నాను. నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

హాసినికి ఇరవై నాలుగేళ్ళు. డర్హమ్‌లో ప్యాకింగ్ మెషీన్లు తయారు చేసే కంపెనీలో మెకానికల్ ఇంజనీర్. చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక కాండో కొంటుందేమో అనుకున్నాం. పాత మియాటా కార్ కొంది. గుడ్డ కప్పు, రెండే సీట్లు, ఆకుపచ్చ రంగు. దాని వయసూ దీని వయసూ దాదాపు ఒకటే. అక్టోబర్ 11న వర్జీనియా బోర్డర్ దగ్గర ట్రాక్ డే ఉందట, ఎవరి కార్ వాళ్ళు రేస్ ట్రాక్ మీద నడిపే రోజు. రేస్ కాదు, నేర్చుకోవడం అంటుంది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడట. గుడ్డ కప్పు కార్లని రోల్ బార్ లేనిదే లోపలికి రానివ్వరట.

ఆ రూల్ వినగానే నాకు ధైర్యం రావాలి. రాలేదు. బోల్తా పడవచ్చని వాళ్ళే కాగితం మీద రాసి ఇస్తున్నారన్నమాట.

షాప్‌లో పెట్టించుకోమన్నాను. తనే పెడుతుందట.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నవారు ధర్మారావు గారు. ఆయన మా ఇంటివారు కూడా కాదు. రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటారు. విజయవాడలో ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మా ఊరు క్యారీలో ఆయనకి పని లేదు. అందరి కార్లూ డీలర్ దగ్గరికి పోతాయి. మా హాసిని కార్ కింద పడుకుని ఉండగా వాకింగ్‌కి వెళ్తూ చూసి, ఆ రోజు నుంచీ వాకింగ్ మానేసి మా గరాజ్‌కి వస్తున్నారు.

ఇవాళ తన టార్క్ రెంచి తెచ్చి ఇచ్చారు. రిటైరయిన రోజున డిపో కుర్రాళ్ళు చందాలు వేసుకుని కొనిచ్చిందట. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆవకాయ తగ్గించి మరీ దాన్ని సూట్‌కేస్‌లో పెట్టుకున్నారట. ఎంత బిగువు కావాలో పిడి మీద నంబర్ తిప్పి పెట్టుకోవాలి. అంత బిగువు రాగానే అది టిక్ అంటుంది. అనగానే చెయ్యి ఆపాలి. హాసిని దాన్ని రెండు చేతులతో అందుకుంది. మా పెళ్ళిలో తాళిబొట్టు పళ్ళెం కూడా ఎవరూ అంత భక్తిగా పట్టుకోలేదు.

నేను దూరంగా నిలబడి చూశాను. దూరంగా ఎందుకంటే, ఇది రాసుకోవాలి. రెండేళ్ళ కింద హాసిని ఉద్యోగానికి అప్లై చేస్తుంటే, దాని లాప్‌టాప్ తెరిచి ఉంటే, కవర్ లెటర్‌లో నాలుగు వాక్యాలు నేను సరిదిద్ది పంపేశాను. బాగానే సరిదిద్దాను. ఇంటర్వ్యూ కూడా వచ్చింది. సంగతి తెలిసిన వారానికి అది అపార్ట్‌మెంట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఏడాదిపైన రాలేదు. ఈ ఫిబ్రవరిలోనే తిరిగి వచ్చింది, అదీ గరాజ్ కోసం. నేను ఈసారి వేలు పెట్టను.

సెప్టెంబర్ 20, శనివారం

కార్ ఒలిచేశారు. సీట్లు, కార్పెట్, ప్లాస్టిక్ చట్రాలు అన్నీ బయట. ప్రతి స్క్రూనీ ఒక జిప్‌లాక్ సంచిలో వేసి, ఎక్కడిదో మార్కర్‌తో రాసి, ఊడదీసిన వరసలో గోడకి టేప్ చేసింది. ముప్పై ఒక్క సంచులు. నా వంటింట్లో జిప్‌లాక్‌లు అయిపోయాయి. సంతోషంగా ఇంకో డబ్బా తెచ్చిపెట్టాను.

నా ఉద్యోగం ఇలాంటిదే కనక నాకు తెలుస్తుంది. ఇంజెక్షన్లు నింపే ప్లాంట్‌లో వాలిడేషన్ నాది. అక్కడ ఏ పనైనా ఒకరు చేస్తే, పక్కన నిలబడి ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంకొకరు నేను. ఇంత శుభ్రంగా పని చేసేవాళ్ళని ఏడాదికి ఒకరిని చూస్తే గొప్ప. అలాంటి ఒకరు మా ఇంట్లోనే ఉన్నారని నాకు తెలియదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

ప్లాంట్‌లో ఒక ఆపరేటర్ గేజ్‌ని ఎవరికీ చెప్పకుండా కాస్త తిప్పాడు, మంచికే అనుకుని. ముప్పావుగంట నిలబెట్టి అడిగాను. వెళ్ళేటప్పటికి అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

సెప్టెంబర్ 27, శనివారం

కార్‌కి చిల్లులు పెట్టే రోజు. కొలతలకి మూడు గంటలు, డ్రిల్లింగ్‌కి పావుగంట. రోల్ బార్‌కి నాలుగు కాళ్ళు, కాలుకి మూడు బోల్టులు, మొత్తం పన్నెండు. పెట్రోల్ ట్యాంక్ దగ్గర్లోనే ఉందట. అందుకే కొలిచిన చోటే మళ్ళీ కొలుస్తుంది. ధర్మారావు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అడిగితేనే చెప్తున్నారు. ఆయన్ని చూసి నేర్చుకోవాలనుకున్నాను.

చిల్లు పడిన ప్రతిచోటా పచ్చి ఇనుము తుప్పు పట్టకుండా చిన్న బ్రష్‌తో పెయింట్ వేసింది. ఎవరికీ ఎప్పటికీ కనిపించని చోట. ఎవరూ చూడరు కదా అన్నాను. తనకి తెలుసు కదా అంది.

అప్పుడు నన్ను పిలిచింది. నిజంగానే పిలిచింది. పైనుంచి బోల్టులు దిగేటప్పుడు కింద పట్టు ప్లేట్ పెట్టి ఉంచాలి, ఒక మనిషి కావాలి. మా ఆయన మోహన్‌కి నడుంనొప్పి. అట్టముక్క పరుచుకుని కార్ కింద దూరాను. యాభై ఒకటో ఏట. ప్లేట్‌కి నట్లు ముందే అతికించి ఉన్నాయి. నేను కదలకుండా పట్టుకుంటే పైనుంచి దాని బోల్ట్ నా వేళ్ళ మధ్యకి వచ్చి, నట్‌ని వెతుక్కుని, దిగింది. పైన దాని ఊపిరి వినిపిస్తూనే ఉంది. పన్నెండుసార్లు. జుట్టంతా దుమ్ము. ఇంత మంచి రోజు ఈ మధ్య గుర్తు లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

బిగింపు. పుస్తకంలో నలభై అయిదు అని ఉంది. రెంచి మీద నలభై అయిదు పెట్టింది. లాగింది. టిక్. ఆపేసింది. తర్వాతది. టిక్. పన్నెండు టిక్‌లు, పది నిమిషాల పని. ధర్మారావు గారు కళ్ళు మూసుకుని విన్నారు, కచేరీలో మొదటి వరసలో కూర్చున్నట్టు.

నాకు మాత్రం అంత తేలిగ్గా ఆపేయడం నచ్చలేదు. పచ్చడి జాడీ మూతైనా బిగిసిందనుకున్నాక ఇంకాస్త తిప్పుతాం. నోరు మూసుకున్నాను.

తర్వాత ఒక టెస్ట్. డ్రైవర్ హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాలి. బార్ పైనుంచి ముందు అద్దం అంచు దాకా చీపురు కర్ర పెడితే హెల్మెట్ దానికి తగలకూడదు. ట్రాక్ వాళ్ళు కూడా చీపురుతోనే చూస్తారట. హాసిని కూర్చుంది, నేను చీపురు ఎత్తాను, మోహన్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు. ఎదిగిన పిల్ల తల మీద చీపురు పెడతావా అని నన్ను కేకలేశాడు. ధర్మారావు గారు కూడా అది నిజమే అన్నారు. చివరికి మా బెడ్‌రూమ్ కర్టెన్ రాడ్ ఊడదీసి తెచ్చాడు. హెల్మెట్‌కీ రాడ్‌కీ మధ్య నాలుగు వేళ్ళ సందు. మా పొట్టిదాని పొట్టితనం మొదటిసారి ఒక పనికొచ్చింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా. ఆఫీస్ నుంచి రాగానే మోహన్ ఆయుధపూజ మొదలుపెట్టాడు. మూడు కార్లూ, లాన్‌మోయర్, హాసిని పనిముట్ల పెట్టె, ధర్మారావు గారి టార్క్ రెంచి, అన్నిటికీ పసుపూ కుంకుమా. రోల్ బార్‌కి నిలువెల్లా బొట్లు. మియాటా నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. హాసిని వాటిని తొక్కిస్తూ ముందుకి పోనిచ్చి, వెనక్కి తెచ్చి, నవ్వుతూ దిగింది. మోహన్‌కి కళ్ళనీళ్ళు.

రేపు అది మియాటా ఇక్కడే ఉంచి, వర్జీనియాలో షాంటిలీ వెళ్తోంది. ఫ్రెండ్ దియ ఎంగేజ్‌మెంట్. ఆదివారం వస్తుంది.

అక్టోబర్ 4, శనివారం, ఉదయం 11

పొద్దున ట్రాక్ వాళ్ళ వెబ్‌సైట్ చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎవరిదో నీలం కార్, గడ్డిలో తలకిందులుగా. కింద డ్రైవర్ క్షేమం అని రాశారు. క్షేమంగా ఉన్నవాడి ఫోటో వెయ్యలేదు.

కాఫీ తాగి గరాజ్‌లోకి వెళ్ళాను. కప్పు తెరిచి, సీట్లు ముందుకి జరిపి, టైర్లు మార్చడానికి మోహన్ కొన్న రెండడుగుల రెంచితో పన్నెండు బోల్టులూ ఇంకోసారి బిగించాను. ఎందుకు అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాసుకుంటాను. దాని మీద నమ్మకం లేక కాదు. ఆ టిక్ మీద లేక. పాదం ఊతం పెట్టి లాగాను. ప్రతిదీ కొంచెం కదిలింది. చూశావా, ఇంకా చోటుంది అనుకున్నాను.

ఏడోది మాత్రం వేరుగా తిరిగింది. మొదట గట్టిగా ఉండి, కిర్రుమని, తర్వాత మెత్తగా తిరిగింది. వెన్నముద్దలో చెంచా దిగినట్టు. ఆపేశాను.

బోల్టుల తలల మీద సన్నటి పసుపు గీతలున్నాయి. మోహన్ పూజ మొదలుపెడితే బోల్టుని కూడా వదలడు. పసుపులో తడి ఉంటే ఇనుము తుప్పు పడుతుందని, ఆఫీసు అలవాటుగా, స్పిరిట్ వైప్‌తో తుడిచేశాను. పసుపు అంత మొండిగా పట్టుకుంటుందని నాకు తెలియదు. గట్టిగా రుద్దాల్సి వచ్చింది.

మధ్యాహ్నం 3

ఆ మెత్తదనం ఇంకా చేతిలోనే ఉంది.

అక్టోబర్ 5, ఆదివారం

అవి పసుపు కాదు.

హాసిని వచ్చింది, బ్యాగ్ కింద పెట్టి తిన్నగా గరాజ్‌లోకి వెళ్ళింది. కాసేపటికి నాన్నని పిలిచింది. పూజప్పుడు బోల్టుల మీద గీతలు తుడిచావా అని అడిగింది. బుధవారం నేను ఆఫీస్‌లో ఉండగా అది కార్‌ని ఓ ముప్పై మైళ్ళు తిప్పుకొచ్చి, బోల్టులన్నీ ఇంకోసారి టిక్ దాకా చూసి, ప్రతి బోల్ట్ తల నుంచి ప్లేట్ మీదికి పెయింట్ పెన్‌తో ఒక గీత గీసిందట. గీత విరిగితే ఎవరో కదిపారని, లేదా దానంతటదే వదులైందని తెలుస్తుంది. బోల్ట్‌కి అది సాక్షి. ఆ పెన్ పసుపు రంగుది.

మోహన్ తల గోక్కున్నాడు. బార్ మీద కారిన కుంకుమ నీళ్ళు తుడిచానమ్మా, అప్పుడు పోయాయేమో, సారీ అన్నాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఉన్నాను.

పరవాలేదు నాన్నా, మళ్ళీ గీస్తాను అంది. గీసేముందు మళ్ళీ రెంచి పెట్టి చూసింది. ఆరు టిక్‌లు. ఏడోది టిక్ అనలేదు. తిరుగుతూనే ఉంది. అది రెంచి తీసి పక్కన పెట్టి, కార్‌లోనే నేల మీద కూర్చుండిపోయింది.

అక్టోబర్ 6, సోమవారం

బోల్ట్‌ని హద్దు దాటి బిగిస్తే లోపల ఇనుము సాగిపోతుంది. సాగాక దాని బలం పోతుంది. పైకి తేడా కనిపించదు. లంచ్‌లో చదివాను. ట్రాక్ దగ్గర ఇన్‌స్పెక్షన్‌లో వాళ్ళు బార్ పట్టుకుని ఊపి, బోల్టులు లెక్కపెట్టి, స్టిక్కర్ ఇచ్చేస్తారు. పాస్ అవుతుంది. తెలిసేది బోల్తా పడ్డ రోజునే.

అది ఆ ఒక్క బోల్ట్ మార్చేస్తుంది, బాగానే ఉంది. మిగిలిన పదకొండు టిక్ అంటాయి కదా అని ఉంచేస్తుంది. వాటినీ నేనే లాగానని దానికి తెలియదు.

సాయంత్రం వచ్చేసరికి హాసిని రెంచి తిరిగి ఇచ్చేసి వచ్చింది. రెంచి తప్పు చూపిస్తోందేమో అని ధర్మారావు గారితో అందట. నలభై అయిదు దగ్గర పెడితే ఎక్కువ లాగుతోందేమోనని. ఆయన ఏమన్నారని అడిగాను. గుడ్డతో తుడిచి లోపలికి పట్టుకెళ్ళారట. కాఫీ తాగి వెళ్ళమని కూడా అనలేదట.

అక్టోబర్ 7, మంగళవారం

చెప్పలేదు. మూడుసార్లు గరాజ్ తలుపు దాకా వెళ్ళాను. కవర్ లెటర్ రోజు దాని ముఖం గుర్తొస్తుంది. చెప్తే మళ్ళీ వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఆ కార్‌లో వెళ్తుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అయినా చెప్పలేదు. సిగ్గు లేకుండా అన్నం తిన్నాను.

అక్టోబర్ 8, బుధవారం

ధర్మారావు గారు ఫోన్ చేసి అమ్మడినీ నన్నూ రమ్మన్నారు. వెళ్ళేసరికి వాళ్ళ గరాజ్‌లో బెంచీకి ఒక వైస్ బిగించి ఉంది. వైస్‌లో రెంచి మూతి కరిపించి, పిడి అడ్డంగా గాల్లో ఉంది. కింద రెండు బియ్యం సంచులు, సోనా మసూరి, ఒక్కోటి ఇరవై పౌండ్లు. కోడలు కాటా మీద తూచి మరీ ఇచ్చిందట. ఎంత దూరంలో వేలాడదీస్తే సరిగ్గా నలభై అయిదు బిగువో లెక్క చేసి, పిడి మీద సుద్దతో గీత పెట్టుకున్నారు. రెండు రోజులు ఇదే పని మీద ఉన్నారు. గడ్డం కూడా గీసుకోలేదు.

రెంచి మీద నలభై ఆరు పెట్టారు. సంచులు తగిలించారు. చప్పుడు లేదు. నలభై నాలుగు పెట్టారు. టిక్. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే. అయిదుసార్లు చేసి చూపించారు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కరినీ ఆయన నమ్మమని అడిగి ఉండరు. ఇలాగే చూపించి ఉంటారు. ఆ సంచుల వెనక నిలబడ్డ ఆ డెబ్భై ఒక్కేళ్ళ మనిషికి నేను దణ్ణం పెట్టాలి. ఎదురుగా తలెత్తి చూడలేకపోయాను.

రెంచి తప్పు కాదని హాసినికి అర్థమైంది. దానికి మిగిలిన కారణం ఒక్కటే. సారీ తాతగారూ అంది. తర్వాత నెమ్మదిగా, "నేనే ఎక్కడో టిక్ మిస్ అయ్యాను. శనివారం నేను విత్‌డ్రా చేస్తున్నా. నా వర్క్‌నే నేను ట్రస్ట్ చేయలేను. పక్కన ఇంకో పర్సన్ కూర్చుంటారు కదా" అంది.

నాకు కార్ కింద నా వేళ్ళ మధ్యకి దిగిన బోల్టులు కనిపించాయి. పెయింట్ బ్రష్, ముప్పై ఒక్క సంచులు. అంత పని చేసిన పిల్ల తన చేతులకేసి చూసుకుంటోంది, అవి తనవి కానట్టు.

"నేను బిగించాను" అన్నాను. "శనివారం. నువ్వు లేనప్పుడు. పన్నెండూ. గీతలు తుడిచింది కూడా నేనే."

కంచే చేను మేసిందని ఎవరైనా అంటే బాగుండేది. హాసిని ఫోన్ తీసి నోట్స్ తెరిచింది. ఏ రెంచితో అమ్మా అని అడిగింది. పొడుగు ఎంత. ముందు ఏది, తర్వాత ఏది. ఒక్కోటి ఎంత తిరిగింది, పావు వంతా, సగమా. ఏడోది ఎక్కడ మెత్తబడింది. నేను చెప్తుంటే రాసుకుంది. గొంతు పెంచలేదు. గుర్తు లేకపోతే పరవాలేదు అంది, రెండుసార్లు. ప్లాంట్‌లో నేను ఎవరినీ ఒక్కసారి కూడా అంత మర్యాదగా అడగలేదు. గేజ్ తిప్పిన ఆ ఆపరేటర్ పేరు కౌశిక్. రేపు అతనితో మాట్లాడాలి.

ధర్మారావు గారు సంచులు దింపుతూ, "మా డిపోకి కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇదే చేసేవాడమ్మాయ్. భయమున్నవాడి చెయ్యి ఆగదు. అందుకే దానికి టిక్కు పెట్టింది" అన్నారు. ఆయనకి సారీ చెప్పాను. రెంచిని నా చేతికిచ్చారు. తర్వాత కాఫీ వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్ హాసిని నడిపింది. మా వీధి మలుపులో, "అడిగితే నేనే చూపించేదాన్ని అమ్మా" అంది. అంతే. తిట్టినా ఇంత ఏడ్చేదాన్ని కాదు.

అక్టోబర్ 9, గురువారం

పన్నెండు బోల్టులూ తీసేసింది. ఏడోది కాకుండా ఇంకో మూడు సాగి ఉన్నాయి. కొత్తవాటి పక్కన నిలబెట్టి చూపించింది. మరలు కొద్దిగా దూరం జరిగాయి. కింద నట్ల ప్లేట్లు కూడా నాలుగూ మార్చింది. తన ఆఫీస్ దగ్గర దుకాణంలో బోల్టులూ, తెలిసినవాళ్ళ దగ్గర ప్లేట్లూ సంపాదించింది. నేను మళ్ళీ కార్ కింద.

బిగించేటప్పుడు నన్ను బయటికి రమ్మని ఒక కాగితం ఇచ్చింది. నేను ఆఫీస్‌లో వాడే ఫారమ్ లాంటిదే, తనే టైప్ చేసింది. బోల్ట్ నంబర్, రెంచి నంబర్, చేసినవారు, చూసినవారు. రెంచి మీద అంకె నేను పైకి చదవాలి. అది లాగుతుంది. టిక్ నేను వినాలి. సంతకం పెట్టాలి. పన్నెండుసార్లు విన్నాను. నలభై అయిదు. నలభై అయిదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను కదా, దీని చప్పుడు ఇంత అందంగా ఉంటుందని ఎప్పుడూ తోచలేదు. ప్రతి టిక్‌కీ దాని భుజం అక్కడే ఆగిపోతుంది, ఒక్క వెంట్రుకవాసి కూడా ముందుకి పోదు. ఆ ఆగడం నాకు రాదు. నేర్చుకోవాలి.

కింద డీవియేషన్ అని, పద్ధతి తప్పిన పని రాసే ఒక గడి పెట్టింది. అందులో అప్పటికే టైప్ చేసి ఉంది: అక్టోబర్ 4, పన్నెండు బోల్టులు అధికంగా బిగించబడినవి, కారణం అమ్మ. పక్కన సంతకానికి చోటు. నేను పెన్ పట్టుకుని నిలబడ్డాను. మోహన్ వెనకనుంచి చదివి పడీ పడీ నవ్వాడు. అది కూడా నవ్వింది. సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను.

గీతలు ఈసారి ఎరుపు.

అక్టోబర్ 10, శుక్రవారం

కౌశిక్‌ని కాఫీకి పిలిచాను. భయపడుతూ వచ్చాడు. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమన్నాను, మధ్యలో ఆపకుండా విన్నాను. గేజ్ నిజంగానే తప్పు చూపిస్తోంది.

అక్టోబర్ 11, శనివారం

నాలుగున్నరకి బయల్దేరాం. హాసిని మియాటాలో, వెనక మోహన్, నేను, ధర్మారావు గారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పులిహోర నేను చేశాను.

ఇన్‌స్పెక్షన్ చేసింది ఒక పెద్దావిడ. నెరిసిన జడ, మోకాళ్ళకి ప్యాడ్లు. బార్ పట్టుకుని ఊపింది. కార్ మొత్తం ఊగింది, బార్ ఊగలేదు. టార్చ్ వేసి ఒక్కో బోల్ట్ చూసింది, కిందికి దూరి ప్లేట్లు చూసింది. అంచుల్లో పెయింట్ వేలితో తడిమి, ఇది ఎవరు వేశారని అడిగింది. హాసిని తనే అంది. ఎక్కడ నేర్చుకున్నావంది. హాసిని ధర్మారావు గారిని చూపించింది. ఆవిడ గ్లవ్ తీసి ఆయనకి చెయ్యి ఇచ్చింది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు.

ఎర్ర గీతలు చూసి, వీటిని ఎవరైనా వెరిఫై చేశారా అంది. హాసిని గ్లవ్‌బాక్స్‌లోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆవిడ చదివింది. డీవియేషన్ దగ్గర ఆగి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది. నేను చెయ్యెత్తాను.

స్టిక్కర్ అంటించి వెళ్ళిపోయింది.

మొదటి సెషన్ కంచె పట్టుకుని నిలబడి చూశాను. నా వేళ్ళ మీద వైరు అచ్చులు పడ్డాయి. ఆకుపచ్చ కార్ మలుపులో వంగి, నిలదొక్కుకుని, పోయింది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ హెల్మెట్. రెండు తలల వెనక బార్. చెడిపోయిన బోల్టులు రేపు పారేస్తానంది హాసిని. ఒకటి దాచుకోవాలని నాకు ఉంది, అడగలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న ట్రాక్ దగ్గర నిద్రపోయాను. మూడో సెషన్ పచ్చజెండా ఊపడం చూశాను, క్యాంప్ చైర్‌లో కూర్చున్నాను, అంతే. నలభై కార్లు పక్కనుంచి అరుచుకుంటూ పోతున్నాయట. మోహన్ లేపబోతే ధర్మారావు గారు వద్దన్నారట. లేచేసరికి నా మీద హాసిని జాకెట్ కప్పి ఉంది, అది పక్కన నిలబడి నీళ్ళు తాగుతోంది. ఎన్ని ల్యాపులు తిరిగిందో నాకు తెలియదు.